గంజాయి చుక్కలు, ఇద్దరు బావలు

మా అపార్ట్‌మెంటులో నా వెనకాల నన్ను 'గంజాయి సిస్టర్' అంటారు. వాచ్‌మన్ భార్య అయితే ఓసారి మొహం మీదే అడిగేసింది, "నిజంగానే ముసిలోల్లకి గంజాయి ఇచ్చీవోరా అమ్మా?" అని. ఇచ్చేదాన్నే. నెలజీతం పుచ్చుకుని మరీ ఇచ్చాను. ఎవరికి, ఎందుకు, ఎలా ఇచ్చానో చెప్పబోతే పొయ్యి మీద పప్పుందని వెళ్ళిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను. మీరంటే, ఈమధ్య మందుల ట్రయల్స్‌లో నర్సులుగా, కోఆర్డినేటర్లుగా చేరుతున్న పిల్లలు. ఫైళ్ళు ఎలా సర్దాలో మీకు ట్రైనింగులో బాగానే నేర్పుతారు. నేర్చుకోండి, తప్పదు. మనుషుల సంగతి మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు.

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి నరాల విభాగంలో వార్డు నర్సుగా మొదలుపెట్టి, చివరి ఏళ్ళలో ట్రయల్ నర్సుగా చేశాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, రానివి తలుచుకుంటే బీపీ పెరుగుతుంది.

గంజాయి పేరెత్తితే

పార్కిన్సన్ జబ్బుని మనవైపు వణుకుడు జబ్బంటారు. చెయ్యి వణకడం, అడుగు చిన్నదైపోవడం అందరికీ తెలుసు. కొన్నాళ్ళు పోయాక కొందరికి లేని మనుషులు కనబడతారనీ, లేనిపోని అనుమానాలు పుడతాయనీ బయటివాళ్ళకి తెలియదు. ఇంట్లోవాళ్ళు చెప్పుకోరు. వణుకు తగ్గించే మందు పెంచితే ఈ భ్రమలు పెరగొచ్చు. భ్రమలు తగ్గించే మామూలు మాత్రలు వేస్తే మనిషి కొయ్యలా బిగుసుకుపోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పనికొచ్చే మందులు ఒకటీ అరా ఉన్నా అందరికీ పడవు. అందుకని గంజాయి మొక్క నుంచి తీసిన ఒక పదార్థం ఏమైనా మేలు చేస్తుందేమో చూద్దామని కొన్ని ఆసుపత్రుల్లో ఒక ట్రయల్ పెట్టారు. వాటిలో మా ఆసుపత్రి కూడా ఒకటి.

ఆ మొక్కలో మత్తెక్కించేది వేరు, ఇది వేరు. మత్తెక్కించేది ఈ రోగులకిస్తే భ్రమలు ఇంకా ముదిరే ప్రమాదముంది. మేమిచ్చింది మత్తు లేనిది. నూనెలో కలిపి చిన్న సీసాల్లో వచ్చేది, చుక్కల లెక్కన నోట్లో వేసుకోవాలి.

శాస్త్రం ఇంతే. కానీ రోగి ఇంటివాళ్ళ ముందు గంజాయి అన్న మాట పడగానే శాస్త్రం అటకెక్కేది. కొండల మీంచి సరుకు దిగుతూ పట్టుబడిందని రోజూ పేపర్లో చదివే ఊరు మనది. ఒక పెద్దాయన బావమరిది లేచి నిలబడి, "రేపు మా ఇంటికి పోలీసులొత్తే నువ్వొత్తావేటి మేడం బెయిలుకి?" అన్నాడు. ఇంకొకాయన దీనికి పూర్తిగా ఎదురు. నా చెవి దగ్గరకొచ్చి, "దీనికింత అవస్థెందుకు మేడం, మావోడు కొండమీంచి తెచ్చీగలడు" అన్నాడు. నాకు ఆ రెండో రకం వాళ్ళంటేనే ఎక్కువ భయం.

'మూలికా తైలం' అని చెప్పండి, గొడవుండదు అని కంపెనీ తరఫున వచ్చిన ఒక సూటు బాబు సలహా ఇచ్చాడు. ఆ పని నేను చెయ్యలేదు, మీరూ చెయ్యకండి. గంజాయి అనే చెప్పి, వాళ్ళు తిట్టినంతసేపూ తిట్టించుకుని, తర్వాత కూర్చుని విడమర్చేదాన్ని. సగం మంది లేచి వెళ్ళిపోయేవారు. మిగిలినవాళ్ళు దేనికి ఒప్పుకున్నారో తెలిసి ఒప్పుకున్నవాళ్ళు.

కోపిష్టి డాక్టరుగారి ప్రశ్న

మా పెద్ద డాక్టరు భాస్కరం గారు. టీ చల్లారితే కోపం, ఫ్యాను కిర్రుమంటే కోపం, నేను అడ్డమొస్తే మరీ కోపం. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ రోజుకోసారి రాజీనామా చేసేద్దామనుకునేదాన్ని. రోగి ఎదురుగా కూర్చోగానే మాత్రం ఆ మనిషే వేరు. "అక్కడెవరూ లేరు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి" అని పిల్లలు విసుక్కుంటే వాళ్ళని చూపుతోనే ఆపేవారు. రోగి వైపు తిరిగి, "మీకు కనబడుతున్నారు, నాకు కనబడటం లేదు. వాళ్ళు మిమ్మల్ని ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా?" అని అడిగేవారు. అబద్ధమాడేవారు కాదు, అవతలివాళ్ళని అబద్ధాలకోరుల్ని చేసేవారూ కాదు. నా ఉద్యోగం మొత్తంలో నేర్చుకున్నది ఒక్కటి చెప్పమంటే ఆ ప్రశ్న చెబుతాను.

మస్తాన్ గారు నాకు పరిచయమైంది ఆ ప్రశ్న దగ్గరే. విశాఖ పాత ఊళ్ళో దర్జీల ఇంట పుట్టి, మిషను తొక్కడం ఇష్టంలేక స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్లలో పనికి చేరి, అక్కడే రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాయన. ఆయనకి కాంపౌండు గోడ మీద పిల్లలు కనబడేవారు.

"ఏటీ అనరు సార్. గోడ మీద వరసగా కూకుంతారు. బిస్కెట్లిత్తే తీసుకోరు, అదొక్కటే బాధ."

ఎన్నడూ నవ్వని మా డాక్టరుగారు ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్ళి నవ్వుకుని వచ్చారు. నిజానికి అది నవ్వులాట కాదు. పొద్దుగూకే వేళకి ఆ పిల్లల్ని ఇళ్ళకి పంపాలని మస్తాన్ గారు హైవే దాకా నడిచి వెళ్ళిపోవడం మొదలెట్టారు. లారీలు తిరిగే రోడ్డది. అప్పుడుగానీ కొడుకు ఆసుపత్రికి తీసుకురాలేదు.

మస్తాన్ గారు ట్రయల్‌లో చేరిన కొద్దిరోజులకే ఇంకొకాయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. తనకే నడక సరిగ్గా లేదు, మళ్ళీ ఇంకొకరికి ఊతం. "మా బావ మేడం. నాకు పిల్లలే, ఈయనకి పెద్ద కట్టం. ఈయన సంగతి సూడండి" అన్నారు.

అప్పలనాయుడు గారి కంచం

ఆ బావ పేరు అప్పలనాయుడు. ఇద్దరూ కోక్ ఓవెన్లలో ఒకే బ్యాటరీ మీద, అంటే ఒకే బట్టీల వరస మీద, ఒకే గ్యాంగులో పనిచేశారు. వెనకాల ఆయన భార్య రమణమ్మ గారు సంచీ పట్టుకుని వచ్చింది. మస్తాన్ గారు నాయుడు గారిని బావా అంటారు కాబట్టి ఆవిడ్ని సెల్లెమ్మా అంటారు. ఆ వరస ఎవరు కలిపారో ఎవరికీ గుర్తులేదు.

నాయుడు గారికి కనబడేది పిల్లలు కాదు. ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళు వంటింట్లో తన భార్యతో గుసగుసలాడుతున్నారని, అన్నంలో విషం కలపమని చెబుతున్నారని ఆయన నమ్మకం.

"నాను సూసాను మేడం. ఇది తలూపింది కూడాను" అన్నారు, ఆవిడ పక్కనే ఉండగా.

ఆయన్ని రక్తపరీక్షకి పంపాక రమణమ్మ గారు చెప్పుకొచ్చింది. "కంచం తోసేత్తన్నాడమ్మా. అరటిపండు తొక్క తనే ఒలుసుకుని తింతాడు. బిస్కెట్ల పొట్లం తనే సింపుకుని తింతాడు. నాను గ్లాసుతో నీలిచ్చినా తాగడు. పెళ్ళైన కాడ్నించి బైట ఇడ్లీ ముక్క ముట్టని మడిసి. తిడితే పడతాను, కొడితే కొట్టనీ. నా సేతి కూడు తినకపోతే ఇంక నానెందుకమ్మా ఆ ఇంట్లో?"

చొక్కా ఆయన భుజాల మీద నిలవడం లేదు, అంత చిక్కిపోయారు. ట్రయల్ గురించి నేను చెప్పిందంతా ఆవిడ విని, ఒక్కటే అడిగింది. "ఈ మందేత్తే ఆయన మల్లీ నా సేతి కూడు తింతాడా?"

ఏమో తెలియదన్నాను. తెలియకే ఈ పరీక్ష అన్నాను. అలా అనడం అలవాటు చేసుకోండి.

ఇక్కడో సంగతి. ఇలాంటి ట్రయల్‌లో కొందరి సీసాల్లో మందు కలిపిన నూనె ఉంటుంది, కొందరివాటిలో ఉత్త నూనె. రంగూ రుచీ వాసనా ఒకటే. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. చీట్లు తీసినట్టు అన్నమాట. ఈ ముక్క నేను చాలా బాగా చెబుతానని నాకు పేరుండేది. ఈ ఇద్దరికీ అయితే మరీ బాగా అర్థమైపోయింది.

రెండో నెలలో వాళ్ళు వచ్చేసరికి రమణమ్మ గారి మొహం చూసే నాకు సంగతి తెలిసిపోయింది. "తింతన్నాడమ్మా" అంది, కుర్చీలో కూర్చోకుండానే. "నిన్న నెత్తల్లు సేపలు వండితే రెండోసారి అడిగి ఏయించుకున్నాడు." నాయుడు గారు ఆ ఇద్దరు మగవాళ్ళూ ఇంకా వస్తున్నారుగానీ వంటింట్లోకి పోవడం లేదు, గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారని చెప్పారు. మస్తాన్ గారు రోజూ సాయంత్రం వస్తారట. ఇద్దరూ కలిసి చుక్కలు వేసుకుంటారట. ఆవిడ కంచం పెట్టగానే మస్తాన్ గారు బావ కంచంలోంచి మొదటి ముద్ద తీసి తను తిని, "సూడు బావ, సచ్చానేటి? తిను" అంటారట.

"ఏ సీసానో తెలియదు, పొంగిపోకండి సిస్టర్" అని భాస్కరం గారు నన్ను కసురుకున్నారు. ఆరోజు చల్లారిన టీ ఆయన నోరెత్తకుండా తాగేశారు.

గరాటు

ఆ తర్వాతి నెల సీసాలు తీసుకున్న రోజే నాయుడు గారు చేతికర్ర మా దగ్గర మరిచిపోయి వెళ్ళారు. కర్ర లేకుండా పడిపోతారేమోనని డ్యూటీ దిగి నేనే బస్సెక్కాను. కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ వాళ్ళిల్లు పట్టుకున్నాను. ఇంకా ఎండ ఉంది. ముగ్గురూ వసారాలో చాప మీద కూర్చున్నారు. మధ్యలో ఒక స్టీలు గిన్నె. నాయుడు గారి వణికే చేతిని మస్తాన్ గారి వణికే చెయ్యి పట్టుకునుంది. రమణమ్మ గారు గిన్నెలో నూనెని చిన్న గరాటు పెట్టి, నాలిక కరుచుకుని, ఎంతో జాగ్రత్తగా సీసాల్లోకి వంచుతోంది. ఒక్క బొట్టు కింద పడనివ్వడం లేదు.

అవి నేను పొద్దున్న ఇచ్చిన సీసాలే.

దొంగతనం పట్టుబడినట్టు ఉలిక్కిపడతారనుకున్నాను. "రండి మేడం, కూకోండి, టీ ఎడతాను" అంది రమణమ్మ గారు. నేను కూర్చోలేదు. ఇదేమిటన్నాను.

మస్తాన్ గారు నాకు పాఠం చెబుతున్నట్టు చెప్పారు. "మీరే సెప్పారు కదేటి మేడం, ఒకడికి అసలు మందు పడతాది, ఒకడికి ఉత్త నూనె పడతాది అనీసి. నాకు అసలుది పడి బావకి నూనె పడితే అదేటి న్యాయం? డూటీలో కేరేజీలు ఇప్పితే అందరి కూరలూ ఒకే మూతలో పోసీవోల్లం. ఒకడికి సేపలు, ఒకడికి ఉత్త పచ్చడి, అలగెప్పుడూ తిన్లేదు. అందుకే మొదటి నెలనించీ రెండు సీసాలూ కలిపీసి సగం సగం సేసుకుంతన్నాం."

"ఇద్దరికీ సగం మందైనా పడతాది కదా" అన్నారు నాయుడు గారు, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆపుకున్నాను. ఉప్పేసిన కూరా ఉప్పెయ్యని కూరా కలిపేసి ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెబుతారని అడిగాను. రమణమ్మ గారికి వెంటనే అర్థమైంది. గరాటు కింద పెట్టేసింది.

"రాయకండి మేడం"

రమణమ్మ గారు గుమ్మం దాకా నా వెనకే వచ్చింది. "మీరు పెద్ద డాట్రుగారికి సెప్తే ఆపీత్తారా?"

"ఆపేస్తారమ్మా. ఇద్దరికీ."

"రాయకండి మేడం. నాను కాల్లట్టుకుంతాను. ఇప్పుడిప్పుడే తింతన్నాడు. ఇంక కలపం, ఒట్టు."

పిల్లలూ, మీకు ట్రైనింగులో చెప్పేదాని ప్రకారం ఇక్కడ ఆలోచించడానికేమీ లేదు. చెప్పాలి. నేను బస్టాపు దాకా ఆలోచించాను, బస్సు వచ్చాక కూడా ఎక్కకుండా ఆలోచించాను. నోరుమూసుకుంటే ఆయన తింటూనే ఉంటారేమో. కానీ ఆ ఇద్దరి లెక్కా తప్పు లెక్క. ఆ తప్పు లెక్క మీద ఈ మందు మంచిదనో చెడ్డదనో తేలిస్తే, రేపు ఏ ఊళ్ళోనో ఇంకో రమణమ్మ ఇదే కంచం పట్టుకుని కూర్చుని మోసపోతుంది. ఆవిడ నాకు కనబడదు, ఈవిడ కనబడుతోంది. అదీ బాధ. మర్నాడు పొద్దున్నే డాక్టరుగారికి చెప్పేశాను. ఇవాళ్టికీ అది సరైన పనే అంటాను. చేసినందుకు మనసు చల్లగా ఉందా అంటే, లేదు.

భాస్కరం గారు అంతా విని, బల్ల మీద తల పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇంతమంచి మనుషులతో సైన్సు ఎలా చేస్తామండీ" అన్నారు. ఆ తర్వాత ఇద్దర్నీ పిలిచి, కోప్పడకుండా, ట్రయల్ నుంచి తప్పించారు. వైద్యం మాత్రం ఆపబోమని, చూస్తూనే ఉంటామని మాటిచ్చారు.

అప్పట్నుంచి ఎవరు చేరినా నేను మొదట అడిగే ప్రశ్న మారింది. ఈ ట్రయల్‌లో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా, వాళ్ళతో ఎప్పుడైనా కలిసి తిన్నారా అని. పక్కవాళ్ళు నవ్వేవారు. మీరు నవ్వకండి, అడగండి. మనవాళ్ళు మోసం చేసి ట్రయల్ పాడుచెయ్యరు. పంచుకుని పాడుచేస్తారు.

చుక్కలు ఆపాక కూడా నాయుడు గారు కొంతకాలం బాగానే తిన్నారు. మళ్ళీ అనుమానం తిరగబెట్టింది. డాక్టరుగారు ఆయనకి పడే మాత్ర ఒకటి వెతికి, చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. కొన్నాళ్ళు మంచిగా, కొన్నాళ్ళు చెడ్డగా గడిచింది. మంచిరోజుల్లో మస్తాన్ గారి మొదటి ముద్ద తర్వాత తినేవారు. చెడ్డరోజుల్లో అదీ లేదు. ఆ చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ముచేసి పోయారు. మస్తాన్ గారికి మాత్రం గోడ మీద పిల్లలు అప్పుడప్పుడు కనబడుతూనే ఉన్నారు. మోతాదులు సర్దాక వాళ్ళ వెనక రోడ్డెక్కడం మానేశారు.

సీసాలు విప్పాక

ట్రయల్ ముగిసి, ఎవరి సీసాలో ఏముందో విప్పేసరికి నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. మొత్తం మీద ఆ మందు పనికొస్తుందా రాదా అన్నది పెద్దవాళ్ళు తేల్చుకుంటారు, ఇంకా చాలా పరీక్షలు కావాలంటారు. నాకు రెండు సీసాల సంగతే కావాలి. భాస్కరం గారు కనుక్కుని చెప్పారు. వెళ్ళి వాళ్ళకి చెప్పాలా వద్దా అని అడిగితే, "అడుగుతారు సిస్టర్. అడిగితే అబద్ధమాడకండి" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం నాకిష్టం లేదు. ఆయన తిన్న ఆ కొద్ది నెలలే ఆవిడకి మిగిలింది. దాన్ని కూడా నేను వెళ్ళి లాక్కొచ్చేస్తానేమోనని భయం.

నేను వెళ్ళేసరికి మస్తాన్ గారు అక్కడే ఉన్నారు. బావ పోయినా ఆయన సాయంత్రం రావడం మానలేదు. రమణమ్మ గారు టీ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, తనే అడిగింది.

"అసలు మందు ఎవులి సీసాలో ఉన్నాదంట మేడం?"

"ఎవరి సీసాలోనూ లేదమ్మా. మీ ఇద్దరికీ పడింది ఉత్త నూనే."

మస్తాన్ గారు పగలబడి నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. "ఓరి బావో! అంత జాగర్తగా సగం సగం పంచుకుంది నూనెంట్రా!" అని పైకి చూసి అరిచారు. నవ్వుతూనే తువ్వాలు మొహానికి అడ్డంపెట్టుకున్నారు.

రమణమ్మ గారు నవ్వలేదు. ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకుని, అలాగే పట్టుకుని నిలబడింది.

"అంటే అప్పుడు ఆయన ఒంట్లో మీ మందేటీ లేదా?"

"లేదమ్మా."

ఇలా ఎందుకు జరుగుతుందో నా దగ్గర సమాధానాలున్నాయి. ఈ జబ్బు దానంతటదే ఓనెల తగ్గుతుంది, ఓనెల పెరుగుతుంది. మందు వేసుకుంటున్నామన్న నమ్మకమే కొంత పనిచేస్తుంది. పక్కన నమ్మిన మనిషి కూర్చుంటే ఇంకొంత. అవన్నీ వరసగా చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. ఆవిడ మొహం అంత తేటగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నోరు మూసుకున్నాను.

"ఇన్నాల్లూ మందు తినిపించిందనుకున్నాను మేడం" అంది. "అయితే ఆయనే తిన్నాడన్నమాట."